టార్పాలిన్ సముద్రం

అర్ఖాంగై కొండల నడుమ మా బడి.
ఆ రోజు పదో తరగతి గదిలో బల్లలన్నీ గోడకి నెట్టేశాం.
డబ్బున్న దేశాలకి కుర్చీలు, బిస్కెట్లు, ఉప్పేసిన పాలటీ.
లేని దేశాలకి నేల.
దీవులకి నేల కూడా ఒక మూలే.

ఉన్ని టోపీలో చీటీలు వేసి కలిపాను.
సొలొంగో చేతికి ఒక దీవి తగిలింది.
"టీచర్, నేను సముద్రం చూడలేదు" అంది.
నేను మాత్రం చూశానా?
ఇక్కణ్ణుంచి ఏ దిక్కుకి బయల్దేరినా
సముద్రం కంటే ముందు గుర్రానికి ముసలితనం వస్తుంది.

చోయిజిల్ చీటీ విప్పాడు, మడిచాడు, మళ్లీ విప్పాడు.
బొగ్గు గనుల యజమాని.

గదిలో ఎవరూ నవ్వలేదు.
రెండేళ్ల కింద జుద్ వచ్చింది.
వానలా కురిసి రాయిలా గడ్డకట్టి
మంచు గడ్డిమీద తాళం వేసిన చలికాలం.
వాళ్ల గొర్రెలు మూడువందల పన్నెండు
నిలుచున్నవి నిలుచున్నట్టే పోయాయి.
వసంతంలో వాడు హాస్టలుకి తిరిగొచ్చినప్పుడు
కోటు చేతులకి ఆ వాసన ఇంకా ఉంది.
"చీటీ మార్చుకుంటావా?" అన్నాను.
తల అడ్డంగా ఊపాడు.

గోడమీద ప్రొజెక్టర్ వెలుగులో ఒక ఎర్ర గీత,
గీత కొసన ఒక అంకె.
మీట జరిపితే అంకె కదులుతుంది.
అడవులకో మీట, కార్లకో మీట, బొగ్గుకో మీట.
పిల్లలు ముందు అడవుల మీట లాగారు.
చెట్లంటే అందరికీ ఇష్టమే,
చెట్టు ఎవరి జీతమూ కొయ్యదు కదా.
అంకె కాస్త దగ్గినట్టు కదిలి ఊరుకుంది.

"బొగ్గు ఆపాలి!" అని అరిచింది యూరప్,
నోట్లో బిస్కెట్టుతో.

అప్పుడు లేచాడు వాడు.
పదిహేనేళ్ల గొంతులో నలభై ఏళ్ల మనిషి.
"లారీలు ఆపమంటారు, ఆపుతాను.
సరిహద్దు దగ్గర వరసలో నాలుగు రోజులుగా
స్టీరింగు మీద తలపెట్టి పడుకున్నవాడికి
ఆ మాట ఎవరు చెప్తారు?
లారీ మీద ఇంకా ఇరవయ్యారు నెలల వాయిదాలున్నాయి.
గొర్రెలు పోయాకే కదా వాడు లారీ ఎక్కింది.
ఆ డబ్బుతోనే తమ్ముడికి బూట్లు..."

అక్కడ ఆగిపోయాడు.
నేనిచ్చిన కార్డు మీద తమ్ముడనే మాట లేదు.
అందరి కళ్లూ వాడి కొత్త బూట్ల మీదికి జారి
సిగ్గుపడి వెనక్కి వచ్చాయి.

అంకె మూడు దాటింది.
మూడు దాటితే దీవులమీద సముద్రం కప్పాలి, అది ఆట నియమం.
సముద్రమంటే మా గుడారం పైకప్పుకి వేసే నీలం టార్పాలిన్.
పొగ వాసన, గొర్రె కొవ్వు వాసన, రెండు అతుకులు.
నేనే కప్పాను.
కింద రెండు తలలు,
వాటి ఊపిరికి నీలం లేస్తోంది, పడుతోంది.

చోయిజిల్ వచ్చి గొంతుక్కూర్చున్నాడు.
అంచు కొద్దిగా ఎత్తి అడిగాడు,
"లోపల ఎలా ఉంది?"
"వెచ్చగా ఉంది" అంది సొలొంగో.
గది గదంతా పగలబడి నవ్వింది,
ఆ తర్వాత ఒక్కొక్కరే ఆపేశారు.

వాడు నవ్వలేదు.
వెళ్లి బొగ్గు మీట పట్టుకున్నాడు.
సగం దాకా జరిపి,
"మిగతా సగం మా అన్నని అడిగి చెప్తాను" అన్నాడు.
యూరప్ ఏదో అనబోయింది,
గంట కొట్టేశారు.

నివేదికలో "ఫలితం" అని ఒక గడి ఉంది.
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,
ఆ గడి వదిలేసి పిల్లల హాజరు మాత్రం వేశాను.

రాత్రి హాస్టలు వరండాలో వాడు ఫోన్లో ఉన్నాడు.
మెడలో గనుల యజమాని అట్ట అలాగే వేలాడుతోంది.
ఏమడిగాడో నాకు వినబడలేదు.
అవతలి వైపు నుంచి లారీ ఇంజను చప్పుడొకటే,
చలికి ఆపలేక
నిలబడినచోటే మండుతూ.